చక్రం మీద 92 మిల్లీమీటర్లు

దాళ్వా (రెండో పంట) నాట్లు పడి నెల తిరిగేసరికి నరసాపురం వైపు శివారు గ్రామాలలో కాలువ నీటికి వంతులు మొదలవుతాయి. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి ఈ డెల్టాకు నీరు వాలు మీదే వస్తోంది గానీ, ఆ వాలు చివరికంటా వచ్చేసరికి శివారు చేలకు మిగిలేది తక్కువ. అందుకే మా ప్రాంతంలో మురుగు కాలువ గట్టున డీజిలు ఇంజను పెట్టి నీరు తోడుకోవడం రైతుకు ఏటా తప్పని పని. ఇరవై అయిదేళ్ళుగా నేను ఆ ఇంజనులు బాగుచేస్తున్నాను. వాటిలో వచ్చే తగవులన్నింటిలోకి ఫ్యూయల్ పంపు టైమింగు, అంటే పంపు నాజిల్ గుండా సిలిండరులోకి డీజిలు చిమ్మే వేళ, గురించే అపోహలు ఎక్కువ. పొగ వస్తే టైమింగు, శబ్దం వస్తే టైమింగు, హ్యాండిలు తిప్పినా అందుకోకపోతే (స్టార్టు కాకపోతే) టైమింగు అంటూ ముందుగా పంపు బోల్టులు విప్పేసే అలవాటు మా వృత్తిలో చాలామందికి ఉంది. టైమింగు తనంతట తాను మారదు. ఎవరైనా విప్పి బిగించినప్పుడో, ఏదైనా అరిగినప్పుడో, ఏదైనా జారినప్పుడో మాత్రమే మారుతుంది. ఈ మూడింటిలో ఏది జరిగిందో తెలుసుకోకుండా పంపు కదిపితే ఉన్న దోషం పోదు సరికదా, దానికి మరొకటి తోడవుతుంది.

మొన్న ఫిబ్రవరిలో మా ఊరి రైతు ఒకాయన, వరసకు నాకు బాబాయి, పొద్దున్నే షెడ్డుకు వచ్చారు. "ఒరేయ్ అబ్బాయ్, పంపు కొత్తది వేయించానురా. నాజిల్ మార్పించాను. ఫిల్టరు కూడా కొత్తదే. అయినా పైపు నిండా నీళ్ళు రావట్లేదు, సైలెన్సరు చూస్తే బొగ్గులబట్టీలా ఉంది" అన్నారు. పాత ఫ్యూయల్ పంపు అరిగిపోతే పట్నంలో ఒకచోట కొత్తది వేయించారట. గంటకు లీటరు పైచిలుకు తాగే అయిదు హార్సుపవరు సింగిల్ సిలిండరు ఇంజను, ఇప్పుడు లీటరున్నర దగ్గరకు వచ్చిందని ఆయన లెక్క.

నేను చేను దగ్గరకు వెళ్ళి ఇంజనును ముట్టుకోకుండా ముందు కాసేపు విన్నాను. ఒట్టి ఇంజను తిరుగుతున్నప్పుడు శబ్దం మెత్తగా, మామూలు కంటే కూడా మెత్తగా ఉంది. బెల్టు తగిలించి నీటి పంపు మీద బరువు పడగానే చక్రం వేగం తగ్గింది, వేగాన్ని నిలబెట్టే గవర్నరు డీజిలు పెంచింది, నల్లటి పొగ వచ్చింది. పావుగంట తరువాత సైలెన్సరు మెడ దగ్గర మసి కాలిన వాసన, సిలిండరును చల్లబరిచే జాకెట్టులోంచి బయటకు వచ్చే నీటిలో మామూలు కంటే ఎక్కువ వేడి. డీజిలు ఆలస్యంగా పడే ఇంజను గుర్తులు ఇవే. పిస్టన్ పైకొసకు చేరకముందే మొదలు కావలసిన మంట, అది కిందికి దిగుతుండగా మండుతుంది. నెట్టడానికి పనికి రావలసిన వేడి సగం దారిలో సైలెన్సరులోకి పోతుంది. శక్తి తగ్గిందని గవర్నరు ఇంకాస్త డీజిలు పోస్తుంది, అది కూడా పూర్తిగా కాలదు. చలిపొద్దున స్టార్టు చేసినప్పుడు కళ్ళు మండించే తెల్లపొగ చాలాసేపు వదలకపోవడం కూడా ఈ కోవలోదే.

డీజిలు ముందుగా పడే ఇంజను తీరు దీనికి పూర్తిగా వేరు. హ్యాండిలు తిప్పితే వెనక్కు తంతుంది, మణికట్టు విరిగినవారిని నేను చూశాను. తిరిగేటప్పుడు సుత్తితో ఇనుము మీద కొట్టినట్టు గట్టి శబ్దం. కొన్నాళ్ళు అలాగే నడిపితే హెడ్ గ్యాస్కెట్టు పోవడం, పిస్టన్ తల మీద దెబ్బలు, బేరింగులు వదులు కావడం వరుసగా వస్తాయి. శబ్దం మెత్తగా ఉండి పొగ ఎక్కువైతే ఆలస్యం, పొగ తక్కువగా ఉండి శబ్దం కఠినంగా ఉంటే తొందర అని మా మేనమామ నాకు మొదటి ఏడాదిలోనే చెప్పారు. ఆ మాట అనుమానానికి దారి చూపుతుంది గానీ నిర్ధారణకు చాలదని నాకు తెలియడానికి మరి కొన్నేళ్ళు పట్టింది.

ఎందుకంటే ఇదే నల్లపొగ గాలి ఫిల్టరు మూసుకుపోయినా వస్తుంది. మా వైపు ఊక మిల్లుల దుమ్ము, వరి కోతల నాటి నుసి ఆయిల్ బాత్ ఫిల్టరులో పేరుకుని బురదలా తయారవుతాయి. ఇదే తెల్లపొగ కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుడు) తగ్గినా వస్తుంది. ఇదే గట్టి శబ్దం నాజిల్ కారుతున్నా, డీజిలులో కిరోసిన్ కలిసినా వస్తుంది. మన దేశంలో ఇప్పుడు అమ్మే బీఎస్6 డీజిలుకు సీటేన్ సంఖ్య 51కి తగ్గకూడదని ప్రమాణం ఉంది. ఆ సంఖ్య తగ్గినకొద్దీ డీజిలు పడిన తరువాత అంటుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఆలోగా పోగైనదంతా ఒక్కసారిగా అంటుకుని కొడుతుంది. అప్పుడు దోషం ట్యాంకులో ఉండగా పంపు కింద వెతుకుతాం.

అందువల్ల బాబాయి ఇంజను మీద నేను మొదట గాలి ఫిల్టరు విప్పి చూశాను, శుభ్రంగానే ఉంది. టాపెట్ల (వాల్వులను ఎత్తే భాగాల) సందు ఫీలర్ గేజితో చూసి సరిపెట్టాను. ట్యాంకు నుంచి పంపు దాకా ప్రతి కీలు దగ్గరా గాలి తీశాను. డెల్టాలో ట్యాంకు అడుగున నీరు చేరడం సర్వసాధారణం. సముద్రం దగ్గర, తేమ ఎక్కువ, సగం ఖాళీగా ఉన్న ట్యాంకు లోపలి గోడలకు తెల్లవారేసరికి చెమట పడుతుంది. పంపు లోపల డీజిలును నెట్టే ప్లంజరుకూ అది ఆడే బ్యారెలుకూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) మాత్రమే ఉంటుంది. అంత సన్నని పనితనం మీద నీటి తుప్పు ఒక్కసారి పట్టిందంటే ఇక ఆ జత పనికి రాదు. ఈ రకం పంపులను జర్మనీలోని బాష్ కంపెనీ వారు 1927లో పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టారు. మన దేశంలో వీటిని తయారు చేసే మైకో కంపెనీ 1951లో ఏర్పడింది. అయినా ఈ పంపులకు ఉన్న మొదటి షరతు మాత్రం నేటికీ ఒక్కటే, లోపలికి పోయే డీజిలు శుభ్రంగా ఉండాలి.

తరువాత నాజిల్ విప్పి, పైపుకే తగిలించి బయట పెట్టి, హ్యాండిలు తిప్పించి చూశాను. కిర్రుమని శబ్దంతో పొగమంచులా సన్నగా కొట్టి, చివర చుక్క నిలవకుండా తెగింది. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పక చెప్పాలి. ఆ ధార ముందు చేయి పెట్టకూడదు. సుమారు 200 బార్ల ఒత్తిడితో వచ్చే డీజిలు చర్మాన్ని సూదిలా చీల్చుకుని లోపలికి పోతుంది. పైన చిన్న చుక్క గాయమే కనిపించినా లోపల కండ కుళ్ళుతుంది. అలా జరిగితే నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

గాలి బాగుంది, డీజిలు బాగుంది, నాజిల్ బాగుంది, హ్యాండిలు తిప్పితే కంప్రెషన్ చేతికి గట్టిగా తగులుతోంది. పైగా ఈ ఇంజనులో చివరిసారి విప్పి బిగించింది ఫ్యూయల్ పంపునే. అప్పుడు మాత్రమే టైమింగు కొలవాలని నిశ్చయించుకున్నాను. కొలవడం వేరు, మార్చడం వేరు. ఈ రెండింటినీ ఒకే పనిగా చూడడం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతోంది.

ఈ తరహా ఇంజనులకు పిస్టన్ పైకొసకు 23 డిగ్రీల ముందు డీజిలు పంపడం మొదలు కావాలని ఇంజనుతో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలల్లో అందరూ చూసే కిర్లోస్కర్ టీవీ1కు కూడా ఇదే అంకె. 23 డిగ్రీలు అంటే పొలం గట్టున నిలబడినవాడికి ఏమీ తెలియదు. దానిని టేపుతో కొలిచే అంకెగా మార్చుకోవాలి. బాబాయి ఇంజను చక్రం వ్యాసం 460 మిల్లీమీటర్లు. చుట్టుకొలత 1445. దానిని 360తో భాగిస్తే డిగ్రీకి నాలుగు మిల్లీమీటర్లు వస్తుంది. కాబట్టి 23 డిగ్రీలు అంటే చక్రం అంచు మీద 92 మిల్లీమీటర్లు. ఇది తెలిసిన తరువాత డిగ్రీల పలక అవసరం లేదు, దర్జీ వాడే మెత్తని టేపు చాలు.

అయితే ఆ 92ను ఎక్కడి నుంచి కొలవాలి? చక్రం మీద పోతపోసిన టీడీసీ గీత (పిస్టన్ పైకొసకు గుర్తు) ఉంటుంది. పాత ఇంజనులకు చక్రాలు మార్చి వేస్తుంటారు కాబట్టి ఆ గీతను నేను గుడ్డిగా నమ్మను. నాజిల్ రంధ్రంలోంచి పై కొన వంచిన సన్నని కడ్డీ దించి పిస్టన్ తల మీద ఆనించాను. కొన వంచకపోతే కడ్డీ లోపల పడుతుంది, అప్పుడు హెడ్డు దింపక తప్పదు. పైకొస దగ్గర పిస్టన్ కొన్ని డిగ్రీల పాటు కదిలీ కదలనట్టు ఉంటుంది కనుక, అక్కడే చూసి గీత పెడితే తప్పు వస్తుంది. పైకి వచ్చేటప్పుడు కడ్డీ ఒక ఎత్తుకు చేరిన చోట చక్రం మీద ఒక గీత, దాటిపోయి కిందికి దిగేటప్పుడు మళ్ళీ అదే ఎత్తుకు వచ్చిన చోట మరో గీత పెట్టి, రెండింటి మధ్య సరిగ్గా సగంలో అసలు గీత గుర్తించాలి. ఆ ఇంజనులో పోతగీత సరిగ్గానే ఉంది. ఇంకొక జాగ్రత్త ఏమిటంటే, ఫోర్ స్ట్రోకు ఇంజనులో పిస్టన్ రెండు చుట్లలో రెండుసార్లు పైకి వస్తుంది, మనకు కావలసింది కంప్రెషన్ వైపుది. వాల్వులను నొక్కే రెండు రాకర్లూ చేతికి వదులుగా ఆడుతుంటే అదే.

అప్పుడు కడ్డీ తీసేసి, డీజిలు లివరును పూర్తి డెలివరీ వైపు కట్టాను. ఆపే స్థానంలో ఉంచితే ప్లంజరు గాడి డీజిలును వెనక్కు వదిలేస్తూనే ఉంటుంది, ధార ఎంత తిప్పినా తెగదు. ఈ ఒక్క చిన్న విషయం మరచి పంపు చెడిపోయిందని తీర్మానించినవారు ఉన్నారు. పంపు నెత్తిన ఉండే డెలివరీ హోల్డరు విప్పి, లోపలి స్ప్రింగునూ వాల్వునూ తీసి శుభ్రమైన డీజిలు పోసిన స్టీలు గిన్నెలో వేశాను, హోల్డరు మళ్ళీ బిగించి దానికి హంసమెడలా వంచిన చిన్న పైపు తగిలించాను. ట్యాంకు కుళాయి తిప్పగానే ఆ మెడలోంచి డీజిలు సన్నని ధారగా కారింది. సిలిండరులోని గాలి నొక్కుడును వదిలించే డీకంప్రెషన్ లివరు ఎత్తి, ఇంజను తిరిగే దిశలోనే చక్రాన్ని అరచేతితో నెమ్మదిగా జరపసాగాను. ధార కాసేపు అలాగే కారింది. తరువాత నూలుపోగంత అయింది, వంకర తిరిగింది, చుక్కలైంది. చుక్కకూ చుక్కకూ నడుమ ఎడం పెరిగి, ఒక చుక్క మెడ అంచున వేలాడుతూ పడకుండా నిలిచిపోయింది. ప్లంజరు తన దారిలోని రంధ్రాన్ని మూసిన క్షణం అదే. అక్కడ చక్రాన్ని ఆపి పాయింటరుకు ఎదురుగా సుద్దగీత పెట్టాను. కొంచెం దాటిపోతే ఆ కొంచెమే వెనక్కు తిప్పకూడదు, గేరు పళ్ళ మధ్య సందు వల్ల తప్పు అంకె వస్తుంది. పావు చుట్టు వెనక్కు పోయి మళ్ళీ ముందుకు రావాలి. నేను మూడుసార్లు చేసి చూశాను. మూడుసార్లూ సుద్దగీత నుంచి టీడీసీ గీతకు 68 మిల్లీమీటర్లే ఉంది.

అంటే 17 డిగ్రీలు. ఆరు డిగ్రీల ఆలస్యం. ఈ ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో ఆరు డిగ్రీలు అంటే సెకనులో పదిహేను వందల వంతు. ఇంత చిన్న జాగు వల్లనే బాబాయికి గంటకు ముప్పాతిక చెంబు డీజిలు ఎక్కువ ఖర్చవుతోంది, ఎకరం తడవడానికి పట్టే సమయం పెరిగింది.

పంపు విప్పి చూస్తే కారణం కళ్ళెదుట ఉంది. పంపు అడుగున బిగించే అంచుకూ (ఫ్లాంజికీ) ఇంజను గోడకూ మధ్య ఉక్కు షిమ్ములు (పలచని రేకులు) ఉండాలి. వాటి స్థానంలో దళసరి అట్ట కత్తిరించి, దాని మీద గమ్ము పూసి బిగించారు. నూనె కారకూడదనే మంచి ఉద్దేశంతోనే ఆ పని చేసి ఉంటారని నా నమ్మకం. కానీ ఆ షిమ్ములు నూనె ఆపడానికి పెట్టిన ప్యాకింగులు కావు, ఈ ఇంజనులో టైమింగును పట్టి ఉంచేవి అవే. కింద షిమ్ము వేస్తే పంపు ఒళ్ళు పైకి లేస్తుంది, దానితో పాటు రంధ్రమూ పైకి పోతుంది, ప్లంజరు ఇంకొంచెం ఎక్కువ దూరం ఎక్కితే గానీ దానిని మూయలేదు, కాబట్టి డీజిలు ఆలస్యమవుతుంది. షిమ్ము తీస్తే ముందుకు వస్తుంది. పాత పంపు ఏదని అడిగితే బాబాయి పాకలోంచి గోనెసంచి తెచ్చారు. పంపు అడుగున జిడ్డుకు అంటుకుని మూడు షిమ్ములూ అలాగే ఉన్నాయి.

వాటిని కడిగి వేసి మళ్ళీ ధార తెంచి చూస్తే 96 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే ఇప్పుడు ఒక డిగ్రీ ముందుకు పోయింది. కొత్త పంపు పాతదానికి అచ్చంగా ప్రతిరూపం కాదు. పాత పంపు షిమ్ములు కొత్త పంపుకు సరిపోతాయని అనుకోవడం కూడా తప్పేనని ఇక్కడ తెలుస్తుంది. నా పెట్టెలోంచి అన్నింటికంటే పలచని షిమ్ము ఒకటి చేర్చాను. మళ్ళీ కొలిస్తే 92.

షిమ్ములు కాకుండా అరుగుదల వల్ల వచ్చే జాగు మరొక రకం. క్యామ్ మొన, పంపును ఎత్తే టాపెట్టు రోలరు ఏళ్ళ తరబడి అరిగి, టైమింగు మెల్లమెల్లగా వెనక్కు జరుగుతుంది. ఇలాంటి ఇంజను యజమానికి ఏ రోజు చెడిందో చెప్పలేడు, "ఈ మధ్య బలం తగ్గిందండీ" అని మాత్రం అంటాడు. ప్లంజరు అరిగితే ఇంకా చిక్కు. ధార తెంచి కొలిస్తే అంకె సరిగ్గా వస్తుంది, కానీ నడిచేటప్పుడు ఒత్తిడి పెరిగేలోగా డీజిలు పక్కనుంచి జారిపోయి నాజిల్ ఆలస్యంగా తెరుచుకుంటుంది. వేడెక్కాక ఆపితే మళ్ళీ స్టార్టు కాకపోవడం దాని గుర్తు. దానికి షిమ్ము తీసి టైమింగు ముందుకు తేవడం వైద్యం కాదు, ఆ జత మార్చవలసిందే.

పంపును తిప్పే గేరు పళ్ళ తప్పు అన్నింటికంటే ప్రమాదకరం. రెండేళ్ళ కిందట భీమవరం అవతల ఒక రొయ్యల చెరువు దగ్గర జనరేటరు ఇంజను విషయంలో నన్ను రాత్రి పిలిచారు. కరెంటు పోయింది, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగాయి, తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గే వేళ దగ్గర పడుతోంది. వారం కిందట ఆ ఇంజను ముందు కవరు విప్పి ఆయిల్ సీలు మార్చారట. స్టార్టరు నొక్కితే ఇంజను రెండు చుట్లు తిరిగి ఎదురుదెబ్బ తిని ఆగుతోంది, ఎప్పుడైనా అందుకుంటే షెడ్డు రేకులు అదిరేలా కొడుతోంది. శబ్దం బేరింగుదా మంటదా అని తేల్చుకోవడానికి, ఇంజను అందుకున్నప్పుడు ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు పానాతో వదులు చేసి ఆ సిలిండరుకు డీజిలు తప్పించి విన్నాను. ఏ సిలిండరుకు తప్పిస్తే ఆ సిలిండరు శబ్దం ఆగుతోంది. ఇనుము దోషమైతే డీజిలు ఆపినా శబ్దం పూర్తిగా పోదు. కవరు విప్పితే పంపు గేరు మీది గుర్తు చుక్క, దానికి ఆనుకుని తిరిగే ఐడ్లరు గేరు చుక్కకు ఎదురుగా కాకుండా ఒక పన్ను పక్కన ఉంది. ఆ పంపు గేరుకు 60 పళ్ళు. ఒక పన్ను అంటే పంపు లెక్కలో ఆరు డిగ్రీలు, పంపు సగం వేగంతో తిరుగుతుంది కనుక క్రాంకు (ఇంజను షాఫ్టు) లెక్కలో పన్నెండు డిగ్రీలు. ఇలా ఒక పన్ను తప్పిన ఇంజనును పంపు ఫ్లాంజి గాడులలో జరిపి సరిచేయాలని చూస్తే, గాడి చివరకు చేరినా చాలదు. పంపును చివరకు నెట్టి ఉండగా ఇంకా తేడా మిగిలిందంటే గేరు చూడవలసిందే. ఆ రాత్రి చెరువు యజమాని నాకు టార్చి పట్టుకుని నిలబడ్డారు. గేరు సరిపెట్టి ఇంజను అందుకునేసరికి మూడు దాటింది. ఏరేటర్లు తిరిగి నీరు తెల్లగా లేవడం చూసి ఆయన గట్టు మీద అలాగే కూలబడిపోయారు.

గేరును షాఫ్టుకు పట్టి ఉంచే అర్ధచంద్రాకారపు కీ సగం తెగినప్పుడు కూడా ఇలాంటి లక్షణాలే వస్తాయి, కాకపోతే చుక్కలన్నీ సరిగ్గా కనిపిస్తాయి. చుక్కలు సరిగ్గా ఉండి కొలత తప్పు వస్తే నేను కీ చూస్తాను.

బాబాయి ఇంజను దగ్గరకు వస్తే, డెలివరీ వాల్వు, స్ప్రింగు డీజిలులోంచి తీసి గుడ్డ తగలకుండా వేళ్ళతోనే లోపల అమర్చాను, ఎందుకంటే గుడ్డ పోగు ఒక్కటి చాలు ఆ వాల్వు కారడానికి. గాలి తీసి హ్యాండిలు తిప్పగానే రెండో చుట్టుకు అందుకుంది. బెల్టు వేశాక పొగ సన్నగా బూడిద రంగుకు వచ్చింది, చక్రం వేగం నిలబడింది, అరగంట నడిచినా జాకెట్టు నీరు చేయి పెట్టగలిగినంత వేడిలోనే ఉంది. నీళ్ళు పైపు నిండా పడి బోదెలో నురగ కట్టాయి.

చక్రం మీద సుద్దగీత చెరిగిపోతుంది కనుక ఆ చోట ఉలితో చిన్న గాటు పెట్టి తెల్లరంగు వేశాను. బాబాయి పనిముట్ల పెట్టె మూత లోపలి వైపు అదే రంగుతో "92 మి.మీ., షిమ్ములు నాలుగు, పంపు మార్పిడి ఫిబ్రవరి" అని రాశాను. ఆయన మూత దించి, మళ్ళీ ఎత్తి, రంగు అంటుకోకుండా రెండు కొబ్బరి ఈనెలు అడ్డం పెట్టి ఆరబెట్టారు.